పిల్లల ఎదుగుదలకు, కుటుంబానికి తోడుండే సామాజిక కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యువజన కేంద్రాలు, ఆటల క్లబ్బులు, మెంటర్ పథకాలు, తల్లిదండ్రుల తరగతులు, కౌన్సెలింగ్ కేంద్రాలు, హెల్ప్‌లైన్లు. వీటి గురించి తల్లిదండ్రులు, టీచర్లు, ఒక్కోసారి పిల్లలే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. ఆ విషయాల్లో తొందరపడితే నష్టపోయేది పిల్లలు కాబట్టి వాటిని కుదించలేదు.

స్కూలు ఉంది, ఇల్లు ఉంది. మళ్లీ ఇవెందుకు?

పిల్లల రోజులో బడికీ ఇంటికీ చెందని గంటలు కొన్ని ఉంటాయి. ఆ సమయంలో ఎవరితో తిరుగుతున్నారు, ఎవరి మాట వింటున్నారు అన్నది వాళ్ల దారిని చాలాసార్లు మార్చేస్తుంది. బడిలో మార్కులు ఉంటాయి, పోలిక ఉంటుంది. ఇంట్లో ప్రేమ ఉంటుంది గానీ, ఇంటి టెన్షన్లూ ఉంటాయి. ఈ రెండూ కాని మూడో చోటు ఒకటి ఉంటే, అక్కడ తప్పు చేసినా మళ్లీ ప్రయత్నించవచ్చు, తనకు ఏమీ కాని ఒక పెద్దమనిషి తనను పట్టించుకోవడం చూడవచ్చు. ఆ చివరి అనుభవం పిల్లల మీద ఎంత పనిచేస్తుందో పెద్దవాళ్లు సాధారణంగా ఊహించరు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. ఇల్లు వదిలి నగరానికి వచ్చి దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం 1844లో లండన్‌లో వైఎంసీఏ మొదలైంది. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ అనే సైన్యాధికారి కొద్దిమంది అబ్బాయిలతో నడిపిన క్యాంపు నుంచి స్కౌట్ ఉద్యమం పుట్టింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. ఆటస్థలం అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదని అనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ఇవి సమస్యల్లో ఉన్న పిల్లలకే కదా? మావాళ్లు బాగానే ఉన్నారు.

చాలామంది ఇలాగే అనుకుంటారు. దానివల్ల రెండు నష్టాలు జరుగుతాయి. బాగున్న పిల్లలు రాకపోతే ఆ కేంద్రానికి 'చెడిపోయిన పిల్లల చోటు' అన్న ముద్ర పడుతుంది, అప్పుడు నిజంగా అవసరమున్న పిల్లలు కూడా సిగ్గుపడి దూరంగా ఉంటారు. రెండోది, బాగుండటం అన్నది ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఉద్యోగం పోవడం, ఇంట్లో ఒకరు మంచాన పడటం, తల్లిదండ్రులు విడిపోవడం, ఊరు మారడం లాంటివి ఏ కుటుంబానికైనా వస్తాయి. అలాంటి రోజు వచ్చేసరికి పిల్లలకు ఒక చోటు, ఒక మనిషి ముందే అలవాటై ఉండాలి. కష్టం వచ్చాక వెతుక్కోవడం చాలా కష్టం.

ఏ వయసు పిల్లలు చేరవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారం అంటుంది. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24. ఒక్కో కార్యక్రమం తన హద్దు తాను పెట్టుకుంటుంది, చేరేముందు అడిగి తెలుసుకోవాలి. పదేళ్లవాళ్లను, పదిహేడేళ్లవాళ్లను ఒకే గుంపులో కూర్చోబెట్టే చోటైతే మాత్రం కాస్త ఆలోచించండి.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్లు అంటారు కాబట్టి పదిహేనేళ్లు దాటాక లాభం లేదని కొందరు తల్లిదండ్రులు ఆశ వదిలేసుకుంటారు. అలా వదలకండి. కౌమారంలో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ముందుచూపుకీ నిగ్రహానికీ సంబంధించిన భాగాలు ఇరవైల్లోకి వచ్చాకే పూర్తిగా పక్వమవుతాయి. అంటే అప్పటిదాకా నేర్పడానికి, మారడానికి వీలుందన్నమాట.

మంచి కార్యక్రమమో కాదో ఎలా తెలుస్తుంది?

గోడల మీద ఫొటోలు, బహుమతి ప్రదానాలు చూసి నిర్ణయించకండి. ఒకరోజు వెళ్లి ఓ గంట కూర్చోండి. పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా? నిన్న రానివాణ్ని ఇవాళ "ఏమైంది, రాలేదేం?" అని అడిగినవాళ్లు ఉన్నారా? పిల్లలు ఏదైనా చేస్తున్నారా, లేక ఎవరో చెప్పేది చేతులు కట్టుకుని వింటున్నారా? ఇద్దరు గొడవపడితే అక్కడి పెద్దవాళ్లు ఏం చేశారు? ఈ నాలుగూ గమనిస్తే కరపత్రం చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

బడి తర్వాత నడిచే కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలను డర్లాక్, వైస్‌బర్గ్ అనే పరిశోధకులు తమ సహచరురాలితో కలిసి సమీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల ప్రవర్తనలోనూ చదువులోనూ మెరుగుదల కనిపించింది గానీ, అన్ని చోట్లా కాదు. నైపుణ్యాలను ఒక వరుసలో అంచెలంచెలుగా నేర్పినవి, పిల్లల చేత చేయించినవి, దానికి తగినంత సమయం ఇచ్చినవి, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా తెలిసి నేర్పినవి మాత్రమే ఫలితం చూపాయి. మిగతావాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి కాపలా కాసినంత మాత్రాన వాళ్ల ఎదుగుదల జరగదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకో మాట అడగండి: ఇక్కడ పనిచేసేవాళ్లు ఎంతకాలంగా ఉన్నారు? ఆరు నెలలకొకసారి మనుషులు మారిపోయే చోట పిల్లలు ఎవరినీ నమ్మరు. నన్ను ఒక్కటే కొలమానం చెప్పమంటే ఇదే చెబుతాను.

మెంటర్ అంటే ఎవరు? నిజంగా ఉపయోగం ఉంటుందా?

మెంటర్ అంటే పిల్లలతో క్రమం తప్పకుండా సమయం గడిపే, కుటుంబంలో లేని ఒక పెద్దమనిషి. ట్యూషన్ చెప్పక్కర్లేదు, ఉపదేశాలు ఇవ్వక్కర్లేదు. కలిసి నడవడం, ఏదో ఒకటి తయారు చేయడం, ఆడటం, వినడం చాలు. 1904లో న్యూయార్క్‌లో ఎర్నెస్ట్ కూల్టర్ అనే కోర్టు గుమాస్తా, కేసుల్లో ఇరుక్కుని వస్తున్న అబ్బాయిలకు ఒక్కొక్కరికి ఒక్కో పెద్దవాణ్ని తోడుగా పెట్టాలని పిలుపునిచ్చాడు. అలా మొదలైనది ఇవాళ బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అన్న పేరుతో అనేక దేశాల్లో ఉంది.

1995లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పది నుంచి పదహారేళ్ల వయసు పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి మెంటర్లను ఇచ్చారు, రెండో గుంపు వేచి ఉండాల్సి వచ్చింది. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, మెంటర్ ఉన్న పిల్లల్లో కొత్తగా మత్తుపదార్థాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువగా, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువగా తేలింది.

ఇక్కడిదాకా అందరూ సంతోషంగా చెబుతారు. దీని తర్వాతి భాగం ఎక్కువమంది చెప్పరు. అదే సమాచారాన్ని గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు మళ్లీ పరిశీలించి 2002లో ప్రచురించారు. ఏడాదికి పైగా నిలిచిన జంటల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. అంటే ఉత్సాహంగా వచ్చి మధ్యలో మాయమైన మెంటర్ కన్నా అసలు రాని మెంటరే నయం. ఇప్పటికే ఎవరో ఒకరు వదిలి వెళ్లిన అనుభవమున్న పిల్లలకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే మెంటర్‌ను కేటాయించే సంస్థను మొదట ఈ ప్రశ్న అడగండి: "ఏడాది నిలబడతారని మీరు ఎలా చూసుకుంటున్నారు?"

దారి తప్పుతున్న పిల్లల్ని కాస్త భయపెడితే దారికి రారా?

రారు. ఈ విషయంలో ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో కుర్రాళ్లను జైలుకి తీసుకెళ్లి, ఖైదీల చేత గట్టిగా అరిపించి, భయపెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. చూడటానికి అద్భుతంగా అనిపించింది, పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇలాంటి కార్యక్రమాల మీద పద్ధతిగా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే, వెళ్లినవాళ్లే వెళ్లనివాళ్లకన్నా ఎక్కువగా నేరాల్లోకి దిగినట్టు తేలింది. ఏమీ చేయకుండా ఊరుకున్నా ఇంతకన్నా మేలు జరిగేది.

సమస్య ఉన్న పిల్లలందర్నీ ఒకచోట పోగుచేసి క్యాంపు పెట్టడం కూడా జాగ్రత్తగా ఆలోచించాల్సిన పని. 1939లో మసాచుసెట్స్‌లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో అబ్బాయిలకు కౌన్సెలింగ్, ట్యూషన్, వేసవి శిబిరాలు, అన్నీ ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి చూస్తే, సాయం అందుకున్నవాళ్లే కొన్ని విషయాల్లో సాయం అందనివాళ్లకన్నా అధ్వానంగా ఉన్నారు. శిబిరాల్లో ఒకర్ని చూసి ఒకరు నేర్చుకున్న దుడుకుతనం ఒక కారణం కావచ్చని ఆమె, మరికొందరు పరిశోధకులు తర్వాత వివరించారు. రకరకాల పిల్లలు కలిసే చోటు, వాళ్ల మధ్య ఒక నిలకడైన పెద్దమనిషి ఉండటం చాలా మెరుగు.

మద్యం, సిగరెట్లు, మత్తుమందులు. వీటి నుంచి కాపాడటానికి ఏది పనిచేస్తుంది?

ఒక్క ఉపన్యాసం పనిచేయదు, ఒక్క పోస్టరూ పనిచేయదు. ఐస్‌లాండ్ చేసింది చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలరోజుల్లో ఒక్కసారైనా తాగి మత్తులో మునిగామని చెప్పారు. 2016కి అది 5 శాతానికి తగ్గింది. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 నుంచి 3 శాతానికి పడిపోయారు.

పిల్లల్ని మార్చాలనుకునే ముందు వాళ్ల చుట్టూ ఉన్న రోజువారీ జీవితాన్ని మార్చారు. ఆటలకూ సంగీతానికీ కళలకూ శిక్షకులతో నడిచే క్లబ్బులు పెంచారు. రుసుము భారం కాకుండా రాజధాని రెక్యావిక్ నగరం ప్రతి పిల్లవాడి పేరు మీద ఏటా కొంత డబ్బు కేటాయించింది. రాత్రి ఒక నిర్ణీత సమయం దాటాక పిల్లలు ఒంటరిగా బయట ఉండకూడదన్న చట్టం చేశారు, దాన్ని అమలు చేయడానికి తల్లిదండ్రులే వీధుల్లో తిరిగారు. పిల్లలతో ఎక్కువ సమయం గడుపుతామని, వాళ్ల స్నేహితుల్ని తెలుసుకుంటామని తల్లిదండ్రులు ఒకరికొకరు మాట ఇచ్చుకుని సంతకాలు చేశారు. ఏటా స్కూళ్లలో సర్వే చేసి, ఆ ఫలితాలను ఆ ప్రాంతం వాళ్లకే వెంటనే చూపించారు.

నాకు వీటన్నిట్లో బాగా నచ్చింది తల్లిదండ్రుల ఒప్పందం. "అందరి ఇళ్లలో పన్నెండింటి దాకా ఉండనిస్తారు, మీరే ఉండనివ్వరు" అన్న మాట ఆ ఒప్పందం తర్వాత చెల్లదు. చట్టం లేకపోయినా, నిధులు లేకపోయినా, ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులు కలిసి కూర్చుంటే ఈ ఒక్కటి ఈ నెలలోనే చేయవచ్చు.

తల్లిదండ్రులకు తరగతులా? పిల్లల్ని పెంచడం మాకు తెలియదా?

తెలుసు. కానీ అలసిపోయినప్పుడు, కోపం వచ్చినప్పుడు తెలిసింది గుర్తుకు రావడమే కష్టం. మంచి తరగతిలో ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. అవే ఇబ్బందులు పడుతున్న పదిమంది కూర్చుని, నిన్న ఇంట్లో జరిగిన గొడవనే మళ్లీ నటించి చూసి, ఇంకోలా ఎలా మాట్లాడవచ్చో సాధన చేస్తారు. పిల్లలతో కలిసి వచ్చే తరగతులైతే ఇంకా మంచిది.

దక్షిణాఫ్రికాలోని 40 గ్రామాలు, పట్టణ ప్రాంతాల్లో, కౌమారంలో ఉన్న పిల్లల కుటుంబాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఒక కార్యక్రమాన్ని పరీక్షించారు. పాల్గొన్న ఇళ్లలో కొట్టడం తిట్టడం తగ్గింది, పిల్లల మీద శ్రద్ధ పెరిగింది. పిల్లల్లోనూ పెద్దల్లోనూ మత్తు వాడకం కూడా తగ్గింది. ఆ కార్యక్రమంలో ఇంటి డబ్బును కలిసి ప్లాన్ చేసుకోవడం ఒక పాఠం. డబ్బు గురించిన ఆందోళనే ఇంట్లో చాలా అరుపులకు మూలం కాబట్టి ఆ పాఠం అక్కడ ఉండటం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడే మొదలయ్యే సాయమూ ఉంది. 1977లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరాలో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడి బృందం, మొదటిసారి తల్లి కాబోతున్నవాళ్ల ఇళ్లకు నర్సుల్ని పంపింది. బిడ్డకు రెండేళ్లు నిండే వరకు నర్సు వస్తూనే ఉండేది. పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబాల్లో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం తక్కువగా కనిపించాయి.

మా అబ్బాయి గదిలోంచి బయటకు రావడం లేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు మీరు వెళ్లి పక్కన కూర్చోండి. ప్రశ్నలతో మొదలుపెట్టకండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, స్నేహాలు, ఇష్టమైన పనులు అన్నీ దెబ్బతిని ఉంటే స్కూల్ కౌన్సెలర్‌నో, కుటుంబ వైద్యుడినో, దగ్గర్లోని యువజన మానసిక ఆరోగ్య కేంద్రాన్నో కలవాలి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీ ఇంట్లో మాత్రమే ఇలా జరగడం లేదు.

చచ్చిపోవాలని ఉందని అన్నా, తనకెంతో ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచేస్తున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా రెండు వారాలు ఆగకండి. నేరుగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. ఒంటరిగా వదలకండి, హాని చేసే వస్తువులు అందుబాటులో లేకుండా చూడండి, ఆ రోజే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చాలా దేశాల్లో పిల్లలు తామే ఫోన్ చేయగల ఉచిత హెల్ప్‌లైన్లు ఉన్నాయి. మీ ప్రాంతం నంబరు ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసిపెట్టండి. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్ కేంద్రాల్లో 12 నుంచి 25 ఏళ్లవాళ్లకు మానసిక, శారీరక ఆరోగ్యం, చదువు, ఉద్యోగం గురించిన సాయం ఒకే కప్పు కింద దొరుకుతుంది. అలాంటి కేంద్రం మీ దగ్గర్లో ఉందేమో విచారించండి.

అక్కడ మావాడు చెప్పింది మాకు చెబుతారా?

మామూలు విషయాలు చెప్పరు, చెప్పకూడదు కూడా. ప్రాణానికి ప్రమాదం ఉన్నా, హింస జరుగుతున్నా చెప్పాల్సినవాళ్లకు చెబుతారు. ఈ హద్దు ఎక్కడ ఉందో మొదటిరోజే మీ ఇద్దరికీ కలిపి వివరించమనండి.

పిల్లల భద్రత సంగతేమిటి?

మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్నలివి. పనిచేసేవాళ్ల, వాలంటీర్ల గతాన్ని చేర్చుకునే ముందే విచారిస్తారా? మూసిన తలుపు వెనక ఒక పెద్దవాడు, ఒక పిల్ల ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా? ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఆ మనిషి మీదే ఫిర్యాదైతే ఎవరికి? ఫొటోలు తీయడానికి, పంచుకోవడానికి అనుమతి అడుగుతారా? తల్లిదండ్రులు చెప్పకుండా వచ్చి చూడవచ్చా?

చివరి ప్రశ్నకు "కుదరదు" అన్న జవాబు వస్తే ఆ చోటు వద్దు. అలాగే ఏ పెద్దమనిషైనా పిల్లలతో "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటే, విడిగా బహుమతులు ఇస్తుంటే, రాత్రుళ్లు మెసేజీలు పంపుతుంటే ఎంత పేరున్న మనిషైనా సరే వెంటనే ఫిర్యాదు చేయండి. పిల్లలు చెప్పింది నమ్మండి.

డబ్బు కట్టలేకపోతే?

అడగండి. చాలా సంస్థల్లో రుసుము తగ్గించే వీలు ఉంటుంది గానీ, దాన్ని బయట రాసిపెట్టరు. గ్రంథాలయాలు, ప్రభుత్వ బడులు, ప్రార్థనా స్థలాలు, స్థానిక సంస్థలు నడిపేవి ఎక్కువగా ఉచితం. దారి ఖర్చు, తమ్ముణ్నో చెల్లెల్నో చూసుకోవాల్సి రావడం లాంటివి కూడా పిల్లల్ని ఆపేస్తాయి, వాటినీ చెప్పండి.

మా పాపకు వైకల్యం ఉంది. చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. పాపకు ఏది కష్టమో, ఏది ఇష్టమో ఒక పేజీలో రాసి ముందే ఇవ్వండి. మొదటి కొన్ని రోజులు తక్కువ సమయంతో మొదలుపెడితే అందరికీ అలవాటవుతుంది. విడిగా కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి.

పిల్లవాడు వెళ్లనంటున్నాడు. బలవంతం చేయాలా?

మూడుసార్లు వెళ్లి చూడమని ఒప్పించండి, ఆ తర్వాత నిర్ణయం వాడికే వదిలేయండి. తెలిసిన స్నేహితుడు ఒకడు తోడుంటే చాలావరకు సమస్య తీరుతుంది. మీకు నచ్చిందని కాకుండా వాడికి నచ్చింది వెతకండి. డ్రమ్స్ అంటే ఇష్టమున్నవాణ్ని చదరంగం క్లబ్బుకి పంపితే ఎన్ని రోజులు వెళతాడు? ఒకవేళ బాగా ఇష్టపడి వెళ్లిన చోటికే ఉన్నట్టుండి వెళ్లనంటే మాత్రం కారణం తెలుసుకోండి, తేలిగ్గా తీసుకోకండి.

మా దగ్గర ఏమీ లేవు. మేమే మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా. చిన్నగా మొదలుపెట్టండి: వారానికి ఒకరోజు, ఒకే చోటు, ఒకే సమయం, ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా పెద్దవాళ్లు, పేరు గుర్తుంచుకోగలిగినంత మంది పిల్లలు. బడి గది, గ్రంథాలయం, ఖాళీ హాలు ఏదైనా సరిపోతుంది. హాజరు పుస్తకం పెట్టండి, అది లెక్కల కోసం కాదు, రెండు వారాలు రాని పిల్లవాడి ఇంటికి ఫోన్ చేయడానికి.

ఏం చేయాలో పిల్లల్నే అడగండి, అడిగాక వాళ్లు చెప్పింది చేయండి. పిల్లల భాగస్వామ్యం గురించి రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాస్తూ ఎనిమిది మెట్ల నిచ్చెన గీశాడు. కింది మూడు మెట్లలో పిల్లలు ఉంటారు గానీ, వాళ్ల మాట ఉండదు: ఎవరో రాసిచ్చింది చదువుతారు, వేదిక మీద అలంకారంగా నిలబడతారు, కమిటీలో పేరుకి కూర్చుంటారు. చాలా కార్యక్రమాలు అక్కడే ఆగిపోతాయి. వచ్చే నెల డబ్బులో కొంత ఎలా ఖర్చుపెట్టాలో పిల్లలకే వదిలేసి చూడండి, వాళ్లు ఎంత జాగ్రత్తగా లెక్క వేస్తారో మీకే తెలుస్తుంది.

కుటుంబాలను కూడా లోపలికి రానివ్వండి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి గేటు దగ్గర నిలబడకుండా కూర్చోవడానికి ఒక కుర్చీ వేయండి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో మొదలుపెట్టిన పద్ధతిలో, శిక్షణ పొందిన అమ్మమ్మలు ఆరోగ్య కేంద్రం ఆవరణలో బెంచీ మీద కూర్చుని కుంగిపోయినవాళ్ల మాట వింటారు. పరీక్షించి చూస్తే దానివల్ల దిగులు నిజంగానే తగ్గింది. వినడం తెలిసిన పెద్దవాళ్లు ప్రతిచోటా ఉన్నారు.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుంది?

కొన్ని నెలల్లో హాజరు, మాటతీరు మారవచ్చు. అసలు ఫలితం చాలా ఆలస్యంగా వస్తుంది. 1962లో అమెరికాలోని మిషిగన్‌లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనంలో 123 మంది పిల్లలు ఉన్నారు. వాళ్లలో కొందరికి మంచి పూర్వ ప్రాథమిక విద్య ఇచ్చి, టీచర్లు వారం వారం ఇళ్లకు వెళ్లేవారు. మిగిలినవాళ్లతో పోలిస్తే, నలభై ఏళ్ల వయసులో కూడా వాళ్ల సంపాదన ఎక్కువగా, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. ఆరు నెలల నివేదికలో ఇది కనిపించదు కాబట్టి, నిధులిచ్చేవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

వాలంటీర్‌గా రావాలని ఉంది. వారానికి గంటే దొరుకుతుంది, చాలా?

ఏడాదంతా అదే గంటకు రాగలిగితే చాలు. రాలేనప్పుడు ముందే చెప్పండి, తీర్చలేని మాట ఇవ్వకండి, మీ గతం గురించి విచారిస్తే నొచ్చుకోకండి. మానేయాల్సి వస్తే కనీసం నెల ముందు చెప్పి, ఆఖరి రోజు వెళ్లి పిల్లలకు మీ నోటితోనే ఆ సంగతి చెప్పండి.